అడిగి తెచ్చుకున్న డ్రిల్లు కాలిపోయింది, నిచ్చెన మెట్టు ఊడింది: ఎవరు ఎవరికి కట్టాలి?

ప్రశ్న: మాది బోరబండ. రెండు గదుల రేకుల ఇల్లు. పాత సిమెంటు రేకులు చిట్లిపోయి వానొస్తే గదంతా గిన్నెలు పెట్టుకోవాల్సి వస్తోంది. మేస్త్రీని పెట్టుకునే స్థోమత లేక నేనూ మా బావమరిదీ కలిసి ఇనుప రేకులు వేసుకుందామని మొదలుపెట్టాం. పక్కింటి అన్నను అడిగి డ్రిల్లింగ్ మిషను, అల్యూమినియం నిచ్చెన, నిలబడి పని చేసుకోవడానికి రెండు ఇనుప స్టాండ్లు తెచ్చుకున్నాను. పైపులకు బెజ్జాలు వేసుకోవడానికని, పని అయ్యేదాకా ఉంచుకుంటానని చెప్పాను. సరేనన్నాడు. పైసలేమీ తీసుకోలేదు. నేను డ్యూటీకి పోయిన రోజు మా బావమరిది ఆ మిషనుతో గోడ తొలిచాడు. పొగ వచ్చి ఆగిపోయింది. మర్నాడు నిచ్చెన మూడో మెట్టు ఊడి నేను కింద పడ్డాను. మడమ ఎముక చిట్లి ఆసుపత్రికి 11,000 రూపాయలు అయ్యింది. 'ఆ మెట్టు లూజే, మేం తాడు కట్టి వాడుకుంటాం' అని వాళ్లింటి వదిన తర్వాత చెప్పింది. ఇప్పుడు అన్న కొత్త మిషను కొనివ్వమంటున్నాడు, 9,000 అట. లేకపోతే పోలీస్ స్టేషనుకు పోతానంటున్నాడు. స్టాండ్లు కూడా వెంటనే ఇచ్చేయమంటున్నాడు. సగం కప్పు విప్పేసి ఉంది. రేకులు అమ్మిన షాపతను 'పైన నడిచినా ఏం కాదు' అని పల్చటివి ఇచ్చాడు, అవేమో అడుగు పెడితే ఒంగుతున్నాయి. నేను ఎవరి మీద కేసు వేయాలి?

జవాబు: ముందు పోలీసుల భయం వదిలేయండి. నమ్మి అప్పగించిన వస్తువును దురుద్దేశంతో సొంతం చేసుకున్నా, అమ్ముకున్నా భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నేరం. పాత ఐపీసీలో ఇదే 406. మీరు మిషను దాచలేదు, అమ్ముకోలేదు, కాలిపోయిందని మీరే చెప్పారు. పని చేస్తుండగా వస్తువు పాడవడం నష్టపరిహారం సంగతే, అరెస్టు సంగతి కాదు. స్టేషనుకు పిలిచినా ఇదే మాట నెమ్మదిగా చెప్పండి. 'కొత్తది కొనిస్తాను' అని అక్కడ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

ఇక డ్రిల్లు. ఊరికే ఇచ్చిపుచ్చుకున్న దానికి చట్టం ఏముంటుందని చాలామంది అనుకుంటారు. ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 148వ సెక్షన్ నుంచి దీని గురించే. డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా, ఒక పని కోసం వస్తువు తీసుకుని, పని కాగానే తిరిగిస్తానన్న చోట ఆ చట్టం వర్తిస్తుంది. మామూలు మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, తెచ్చుకున్నదాన్నీ అంత జాగ్రత్తగా చూసుకోవాలని 151 చెబుతుంది. అంత జాగ్రత్త పడ్డాక కూడా పాడైతే, వేరే ఒప్పందమేమీ లేనప్పుడు, మీ బాధ్యత లేదని 152 అంటుంది. మీరు పైపులకు బెజ్జాలు వేస్తుండగానే అది ఆగిపోయి ఉంటే మీ పక్షాన ఈ సెక్షన్ చూపించి నేను గట్టిగా నిలబడేవాణ్ని.

కానీ జరిగింది వేరు. ఒక పనికని చెప్పి తెచ్చుకుని ఇంకో పనికి వాడితే, ఎంత జాగ్రత్తగా వాడినా నష్టం తెచ్చుకున్నవాడే భరించాలని 154వ సెక్షన్. చట్టంలోనే దీనికి ఉదాహరణ ఉంది. ఒకతను నువ్వొక్కడివే స్వారీ చెయ్యమని గుర్రం ఇస్తాడు. తీసుకున్నవాడు దాన్ని తన ఇంట్లో మనిషికి ఇస్తాడు. ఆ మనిషి జాగ్రత్తగానే నడుపుతాడు, అయినా గుర్రం కాలు తప్పి పడి దెబ్బ తగులుతుంది. తీసుకున్నవాడే కట్టాలి. గుర్రం స్థానంలో డ్రిల్లును, ఇంట్లో మనిషి స్థానంలో మీ బావమరిదిని పెట్టి చూడండి. పైపులకని చెప్పిన మిషను గోడ మీద నడిచింది. అడిగి తెచ్చింది మీరు కాబట్టి పక్కింటాయనకు జవాబుదారీ మీరే. మీరు, మీ బావమరిది తర్వాత లెక్క చూసుకోవడం మీ ఇంటి సంగతి.

అయితే కొత్తది కొనివ్వాల్సిన పని లేదు. ఆయనకు జరిగిన నష్టం వరకే పరిహారం. ఆయన పోగొట్టుకున్నది వాడిన మిషను, డబ్బా విప్పని మిషను కాదు. దాన్ని రాణిగంజ్‌లో ఏదైనా రిపేరు షాపుకు తీసుకెళ్లి విప్పించండి. పోయింది కార్బన్ బ్రష్‌లే అయితే అవి వాడకంలో అరిగేవే, పెద్ద ఖర్చు కాదు. ఆర్మేచర్, అంటే మోటారు లోపల తిరిగే తీగ చుట్ట, కాలితే దాని ఖర్చు మీది. బాగు కాదంటే అదే పాత మిషను అమ్మితే ఎంత పలుకుతుందో అంత. ఎస్టిమేటు కాగితం మీద రాయించుకుని, పాడైన పార్టు కూడా అడిగి తెచ్చుకోండి.

నిచ్చెన దగ్గర లెక్క తిరగబడుతుంది, మీరు దీన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. 150వ సెక్షన్ ప్రకారం వస్తువు ఇచ్చేవాడు దాని లోపం తనకు తెలిసి ఉంటే, అది వాడేవాళ్లకు ప్రమాదం తెచ్చేదైతే, చెప్పి తీరాలి. చెప్పకపోతే దానివల్ల నేరుగా కలిగిన నష్టానికి అతనే బాధ్యుడు. ఇక్కడా చట్టం గుర్రాన్నే చూపిస్తుంది: పొగరు గుర్రమని తెలిసీ చెప్పకుండా ఇచ్చినవాడు, కింద పడిన రౌతుకు పరిహారం కట్టాలి. ఉచితంగా ఇచ్చినవాడు తనకు తెలిసిన లోపాలకే బాధ్యుడు. అద్దెకిచ్చినవాడికి తెలిసినా తెలియకపోయినా బాధ్యతే. అందుకే ఇక్కడ వదిన అన్న మాట చాలా ముఖ్యం. తాడు కట్టి వాడుకున్నారంటే తెలుసన్నట్టే. ఆ మెట్టు మీద తాడు గుర్తులుంటే ఇవాళే ఫోటో తీయండి. ఊడిన మెట్టు పారేయకండి. ఆసుపత్రి బిల్లులు, ఎక్స్‌రే, డ్యూటీకి పోలేని రోజుల లెక్క ఒక కవర్లో పెట్టండి. మెట్టు కదులుతున్నట్టు పైకే కనిపించేదైతే మీరూ చూసుకోవాల్సిందన్న వాదన వస్తుంది, పరిహారం కొంత తగ్గవచ్చు. పూర్తిగా మాత్రం పోదు.

కాబట్టి మీరు ఆయనకు డ్రిల్లు ఖర్చు బాకీ, ఆయన మీకు మడమ ఖర్చు బాకీ. ఈ రెండు లెక్కలతో కోర్టు మెట్లెక్కితే వకీలు ఫీజు 9,000 దాటుతుంది. వాడకట్టులో పెద్దమనిషి ఒకరిని కూర్చోబెట్టుకుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మాట్లాడండి. కుదరకపోతే పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ప్రాంగణంలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరితే దానికి కోర్టు డిక్రీకున్న విలువే ఉంటుంది, మళ్లీ అప్పీలు ఉండదు. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

షాపు సంగతి. ఉచితంగా ఇచ్చిన సలహా తప్పయిందని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉచిత సేవను 'సేవ'గా లెక్కించదు. ఊళ్లో మేస్త్రీ బాబాయి చెప్పిన కొలత తప్పినా అంతే. కానీ షాపతను సలహా మాత్రమే ఇవ్వలేదు, సరుకు అమ్మాడు. ఫలానా పనికి కావాలని మీరు చెప్పి, ఆ వ్యాపారం చేసేవాడి అనుభవాన్ని నమ్మి కొన్నప్పుడు ఆ సరుకు ఆ పనికి పనికొచ్చేదై ఉండాలని 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. మీరే 'ఫలానా బ్రాండు రేకు ఇవ్వు' అని పేరు పెట్టి అడిగి ఉంటే మాత్రం ఈ రక్షణ దొరకడం కష్టం. బిల్లు చూడండి, దాని మీద రేకు మందం రాసి ఉందా? 0.35 మిల్లీమీటర్లదీ 0.50దీ చేతిలో పట్టుకుంటే చాలు, తేడా తెలుస్తుంది. మిగిలిన రేకులు వేయకుండా ఆపి, మార్చి ఇమ్మని అడగండి. ఒప్పుకోకపోతే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షలలోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అంతకుముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి.

పాత సిమెంటు రేకులను ఎలా దింపుతున్నారో మీరు రాయలేదు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. సుత్తితో పగలగొడితే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. నీళ్లతో తడిపి, హుక్కులు విప్పి, నిండు రేకుగానే దింపండి. పిల్లల్ని ఆ రోజు చుట్టాలింటికి పంపండి. ముక్కలు పక్క ఖాళీ ప్లాటులో వేయకండి.

ఇక స్టాండ్లు. ఉచితంగా ఇచ్చిన వస్తువును గడువుకు ముందే అడిగే హక్కు ఆయనకు ఉంది, కాంట్రాక్టు చట్టం 159వ సెక్షన్ ఆ మాట ముందే చెబుతుంది. కానీ పని అయ్యేదాకా అన్న మాట నమ్మి మీరు సగం కప్పు విప్పారు. ఇప్పుడు బలవంతంగా తీసుకుంటే మీకు కలిగే నష్టం, ఇప్పటిదాకా మీరు పొందిన లాభాన్ని ఎంత మించితే అంత ఆయన కట్టాలి. ఇవ్వననకండి. 'పని అయ్యేదాకా అని ఇచ్చావు, మధ్యలో అడిగావు, ఈ తారీఖున తిరిగిచ్చాను' అని ఆయన ఫోనుకు వాట్సాప్‌లో రెండు ముక్కలు పెట్టి ఇచ్చేయండి. కొత్తవి అద్దెకు తెచ్చుకుని రసీదు దాచండి. అద్దె షాపువాడికి ఇచ్చే ఆధార్ జిరాక్సు మీద 'స్టాండ్ల అద్దె కోసం మాత్రమే' అని రాసి ఇవ్వండి. ఈలోగా విప్పిన సగం మీద టార్పాలిన్ పరిచి, నాలుగు మూలలా తాడుతో బిగించండి. కాలు నేల మీద ఆనేదాకా ఆ పని మాత్రం మీ బావమరిదిని చేయనివ్వండి.