అమ్మ కేసులో తీర్పు రోజుకు ముందు

బిడ్డా,

అమ్మ మీద ఉన్న గుడుంబా కేసు తీర్పుకు వచ్చిందని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ నాన్న నాకు దోస్తు. దేవరకొండ చుట్టుపక్కల తండాల నుంచి ఇలాంటి కేసుల్లో వచ్చినవాళ్లను కోర్టు గుమాస్తాగా ఏండ్ల తరబడి చూశాను.

దోషి అని తేల్చాక, శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జి అడుగుతారు. దొరికేది రెండు మూడు నిమిషాలే. ఒకసారి ఒకామె "నా బిడ్డకు నడవరాదు సార్" అని ఏడ్చింది. కాగితం ఉందా అని అడిగారు. వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉందట. ఆమె చెప్పింది నిజమే, కానీ ఫైలులోకి ఎక్కలేదు. ఆ ముఖం నేనింకా మరువలేదు.

అందుకే ఇప్పుడే జమ చెయ్యి. నాన్న మరణ ధృవీకరణ పత్రం, అమ్మ షుగర్ చీటీలు, చెల్లె బోనఫైడ్, ఉపాధి హామీ జాబ్ కార్డు. రిమాండ్‌లో ఉన్న రోజుల లెక్క జైలు నుంచి రాయించుకో, అవి శిక్షలో తగ్గుతాయి.

మొదటి కేసే కాబట్టి 1958 ప్రొబేషన్ చట్టం కింద మంచి నడవడి బాండ్ మీద వదలమని వకీలుతో అడిగించు. ఛార్జిషీట్‌లోని సెక్షన్‌కు కనీస శిక్ష రాసి ఉందేమో ముందే చూడమను. ఉంటే, జడ్జికి ఎంత జాలి ఉన్నా అంతకన్నా తగ్గించడం కష్టం. వకీలుకు పైసలు లేవని ఆగిపోకు. ఆడవాళ్లకు, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చెయ్యి.

"తండాలో అందరూ కాస్తున్నారు" అని మాత్రం అమ్మను అననీయకు. గుడుంబా తాగి మగదిక్కు పోయిన ఇండ్లు మీ వాడలోనే ఉన్నాయి. బట్టీ మానేసి ఇప్పుడు ఏ పని చేసుకుంటుందో చెప్పాలి, అది నిజం కావాలి. ఇంట్లో గుడుంబాకు వాడే నల్లబెల్లం, పటిక ఒక్క ముక్క కూడా ఉండొద్దు. తహసీల్దార్ ముందు బైండోవర్ అయ్యాక, అంటే మళ్లీ ఆ పని చెయ్యనని బాండ్ రాసిచ్చాక, మళ్లీ దొరికితే ఏ కాగితమూ అక్కరకు రాదు.

జరిమానా పైసలు వెంట ఉంచుకో, కట్టకపోతే జైలు రోజులు పెరుగుతాయి. జమానతుదారులను కూడా తీసుకురా. అమ్మ బెయిల్ మీద ఉంది కాబట్టి, మూడేండ్లు మించని శిక్షయితే అప్పీలు కోసం ఆ కోర్టే అదే రోజు విడిచిపెట్టవచ్చు. అప్పీలుకు గడువు 30 రోజులు. అక్కడ కావాలంటే శిక్ష తగ్గించమని మాత్రమే అడగవచ్చు.

ఆదివారం కాగితాలన్నీ రెండు జిరాక్స్ సెట్లు తీయించి ఇంటికి రా. వరుసగా కూర్చి, ఏది ఎందుకో పైన రాసి ఇస్తాను.

పెద్దనాయన