చూపు బాగానే ఉంటే గ్లకోమా చుక్కలు మానేయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. రెండేళ్ల క్రితం రెండు కళ్లలోనూ నీటికాసులు (గ్లకోమా) ఉన్నాయని చెప్పి, రాత్రి పూట లాటనోప్రోస్ట్, ఉదయం, సాయంత్రం టిమోలాల్ చుక్కలు రాశారు. వేస్తే కళ్లు మండుతున్నాయని, ఎలాగూ చూపు బాగానే ఉందని ఈమధ్య మానేశారు. చెకప్‌కి వెళ్లే వారం ముందు మాత్రం వేసుకుంటారు. శుక్లాలకు చేసినట్టు దీనికీ ఒకసారి ఆపరేషన్ చేయిస్తే సరిపోదా అంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ చెకప్ సంగతి చెప్పాలి. వారం రోజులు చుక్కలు వేసుకుని వెళ్తే ఆరోజు కంటి ప్రెషర్ తక్కువే చూపిస్తుంది. మందు పనిచేస్తోందని డాక్టర్ అనుకుంటారు. మిగతా నెలల్లో మాత్రం ఎక్కువ ప్రెషర్ వల్ల కంటి నరం దెబ్బతింటూనే ఉంటుంది. తర్వాత ఫీల్డ్ టెస్టులో (చుట్టూ ఎంత మేర కనిపిస్తుందో చూసే పరీక్ష) నష్టం పెరిగినట్టు తేలితే, మందు చాలడం లేదనుకుని ఇంకో చుక్క కలుపుతారు, లేదా ఆపరేషన్ దాకా వెళ్తారు. అందుకే ఈసారి మీరూ వెంట వెళ్లి, మానేసిన మాట దాచకుండా చెప్పండి. ఇలా మానేసేవాళ్లు చాలామందే ఉంటారు, ఏ కంటి డాక్టర్‌కీ ఇది కొత్త కాదు.

చూపు బాగానే ఉందన్న ఆయన మాట అబద్ధం కాదు. గ్లకోమాలో ముందు పక్కల చూపు పోతుంది, ఎదుటి చూపు చివరిదాకా నిలుస్తుంది. పేపరు చదవగలరు, మనుషుల్ని గుర్తుపడతారు. గుమ్మానికి భుజం తగులుతున్నా, పక్కనుంచి వచ్చే బండి కనిపించకపోయినా వయసు వల్లే అనుకుంటారు. అలా పోయిన చూపు చుక్కలతో గానీ, లేజర్‌తో గానీ, ఆపరేషన్‌తో గానీ తిరిగి రాదు. శుక్లానికీ దీనికీ అదే తేడా. గ్లకోమా ఆపరేషన్ ప్రెషర్ తగ్గించి, మిగిలిన చూపును కాపాడటానికే. బీపీ మాత్రలాగే ఈ చుక్కలూ రోజూ పడాల్సిందే, వేసుకున్నా చూపు మెరుగైనట్టు అనిపించదు. ప్రెషర్ ఒక్క పాయింటు తగ్గినా జబ్బు ముదిరే ముప్పు దాదాపు 10 శాతం తగ్గుతుందని స్వీడన్‌లో జరిగిన అధ్యయనంలో తేలింది.

ఇక మంట. ఆయన ఇబ్బంది నిజమే, ఓర్చుకోమని మాత్రం అనకండి. లాటనోప్రోస్ట్ వల్ల కళ్లు ఎర్రబడతాయి, రెప్పవెంట్రుకలు పెరుగుతాయి. చాలా చుక్కల్లో మందు పాడవకుండా కలిపే ప్రిజర్వేటివ్ వల్ల కూడా కళ్లు మండి, పొడిబారతాయి. ప్రిజర్వేటివ్ లేని చుక్కలు ఉన్నాయి. ఈ రెండు మందులూ కలిసిన ఒకే సీసా కూడా దొరుకుతుంది, రోజుకు ఒక్కసారి వేస్తే చాలు. ఖర్చు సమస్యైతే జనరిక్ రకాలు అడగండి. ఆస్తమా ఉన్నా, గుండె నెమ్మదిగా కొట్టుకుంటున్నా టిమోలాల్ పడదు. అది డాక్టర్‌కి తప్పక చెప్పాలి.

వేసే పద్ధతిని ఒకసారి పక్కనుండి చూడండి. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను కొంచెం లాగి, సీసా కొన కంటికి తగలకుండా ఒక్క చుక్క వేయాలి. రెండోది వేసినా బుగ్గ మీదికి కారిపోయేదే. తర్వాత కన్ను మూసుకుని, ముక్కు పక్కనున్న కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. అప్పుడు మందు గొంతులోకి జారిపోదు, ఒంట్లోకీ తక్కువ వెళ్తుంది. రెండో మందుకు ఐదు నిమిషాలు ఆగాలి. మూత తీసిన సీసా నెల దాటితే పారేయండి. ఆయన దగ్గరున్న పాతది ఇక వద్దు.

చుక్కలు అసలు కుదరకపోతే, కంటి కోణం (కంట్లోని నీరు బయటికి పోయే చోటు) తెరిచి ఉన్న రకం గ్లకోమాలో ప్రెషర్ తగ్గించే ఎస్ఎల్‌టీ అనే లేజర్ ఉంది. బ్రిటన్‌లో జరిగిన అధ్యయనంలో, చుక్కలకు బదులు మొదటే ఈ లేజర్ చేయించుకున్నవారిలో నాలుగింట మూడొంతుల మందికి మూడేళ్ల దాకా చుక్కల అవసరం రాలేదు. కొన్నేళ్లకు ప్రభావం తగ్గొచ్చు కాబట్టి చెకప్‌లు తప్పవు. మీ నాన్నగారికి సరిపోతుందో లేదో కోణం పరీక్ష చేశాకే చెప్పగలరు.

ఈ వారంలోనే తీసుకెళ్లి ప్రెషర్, నరం, ఫీల్డ్ టెస్ట్ మూడూ చేయించండి, పాత రిపోర్టులు వెంట ఉంచుకోండి. గ్లకోమా కుటుంబాల్లో వస్తుంది కాబట్టి ఆయన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో పాటు మీరూ ఒకసారి కంటి నరం పరీక్ష చేయించుకోండి.