పొట్ట తగ్గాలంటే ముందు కాళ్లకు పని చెప్పు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పొద్దున్నే లేచి సిటప్‌లు తీస్తున్నా పొట్ట ఇసుమంతైనా తగ్గట్లేదని మొన్న ఫోన్‌లో బాధపడ్డావు. బళ్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ని, ఈ విషయంలో నా మాట విను.

సిటప్‌లు తీస్తే పొట్ట కండ గట్టిపడుతుంది గానీ దాని మీదున్న కొవ్వు కరగదు. చెరువులో ఒక మూల నీళ్లు తోడినంత మాత్రాన ఆ మూలే ఎండదు కదా, ఒంట్లో కొవ్వూ అంతే. పైగా రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే నీ నడుముకు ఆ వంగి లేవడాలు అదనపు భారం. మానెయ్.

ముప్పై దాటినప్పటి నుంచీ, పని చెప్పకపోతే, ఒంట్లో కండ కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. తిండి మాత్రం పాతికేళ్లప్పుడు తిన్నంతే తింటాం. ఆ మిగులు పొట్టలో చేరుతుంది. మనవాళ్లలో కాళ్లూ చేతులూ సన్నగానే ఉన్నా పేగుల చుట్టూ, కాలేయంలో కొవ్వు పేరుకోవడం ఎక్కువ. షుగరుకు దారి అదే. మీ నాన్నకు షుగరు ఉంది కాబట్టి నీ విషయంలో నాకు టెన్షన్ మరీ ఎక్కువ.

అందుకని తొడలు, పిరుదులు, వీపు లాంటి పెద్ద కండలకు పని చెప్పు. మన తాలింఖానాల్లో, అంటే పాతకాలపు వ్యాయామశాలల్లో, దండీలు (పుషప్‌లు), బస్కీలు (స్క్వాట్‌లు) తీయించేది ఊరికే కాదు. నువ్వు మొదట్లోనే పూర్తి బస్కీకి దిగొద్దు, మోకాళ్లు పట్టేస్తాయి. గోడకు ఆనించి ఒక కుర్చీ వేసుకో, చక్రాల కుర్చీ వద్దు. దాని ముందు పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, చేతులు ముందుకు చాపి, పిరుదులు వెనక్కి తోస్తూ మెల్లగా దిగు. కుర్చీ తగిలీ తగలగానే మడమల మీద బలం పెట్టి లే. మోకాళ్లు లోపలికి వాలకూడదు. లేచేటప్పుడు ఊపిరి వదులు. ఊపిరి బిగబట్టి చేస్తే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. పదేసి చొప్పున మూడు విడతలు, మధ్యలో ఒక నిమిషం ఆగు. తర్వాత దండీలకు బదులు గోడకు చేతులానించి తోయడం. అది తేలికైపోయాక వంటింటి గట్టు మీదికి, ఆ తర్వాత నేల మీదికి రా. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒకరోజు విరామం ఇస్తే చాలు.

దాంతోపాటు నడక. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు నడక లాంటి వ్యాయామం వారానికి కనీసం 150 నిమిషాలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. పార్కులో ఫోన్ చూసుకుంటూ తిరిగేదాన్ని నేను నడక అనను. రాత్రి భోంచేశాక పది పదిహేను నిమిషాలు మెల్లగా అటూ ఇటూ తిరుగు, షుగరు అదుపులో ఉండటానికి అది బాగా పనిచేస్తుంది.

పొట్టకు కట్టుకునే ఆ చెమట బెల్టులు కొనకు. పోయేది నీళ్లే, మంచినీళ్లు తాగగానే బరువు మళ్లీ వచ్చేస్తుంది.

తిండి సంగతి మా కోడలు పిల్లకు తెలుసు. అన్నం మారు వడ్డించుకోవడం మాని పప్పు, కూర, గుడ్డు పెంచుకో. కండకు మాంసకృత్తులు కావాలి.

రోజూ బరువు చూసుకుని నీరసపడకు. వ్యాయామం చేస్తుంటే బరువు కదలకపోయినా లోపలి కొవ్వు తగ్గుతుంది, అది టేపులో తెలుస్తుంది. ప్యాంటు సైజును నమ్మకు, అది పొట్ట కింద కట్టుకునేది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడు. మనవాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదంటారు. అమ్మాయిని కూడా కొలుచుకోమను. నెలకోసారి చాలు. రెండు మూడు నెలలకు గానీ తేడా తెలియదు, ఈలోగా మానేయకు.

మొదలుపెట్టే ముందు ఒకసారి డాక్టరుకు చూపించి బీపీ, షుగరు పరీక్షలు చేయించుకో. చేస్తుండగా ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్లు, గ్యాస్ అనుకుని ఊరుకోకు. రిపోర్టులు రాగానే నాకు ఫోన్ చెయ్, దాన్నిబట్టి విడతలు ఎలా పెంచాలో చెబుతాను.

మీ మామయ్య