ఆఖరి పంటు ఎన్నింటికో ముందు అడుగు

తిరుపతి, బైరాగిపట్టెడ

చిరంజీవి అబ్బోడికి అత్త ఆశీస్సులు.

శుక్రవారం రాత్రి బండెక్కి, శనివారం అంతర్వేది చూసుకుని, ఆదివారానికి ఇల్లు చేరాలని నువ్వూ నీ స్నేహితుడూ అనుకున్నారంట. మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. ఇంత హడావిడిగా ఏం ప్రయాణమని ఆమె టెన్షన్ పడుతోంది. నాకు మాత్రం సంతోషంగా ఉంది. వెళ్లండి నాయనా. ఇద్దరికీ సెలవు కుదిరే రోజు కోసం చూస్తూ కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి. కానీ ఒక్క విషయంలో నా మాట వినాలి. వెళ్లే టికెట్ సంగతి తర్వాత, తిరిగొచ్చే దారి ముందు ఖాయం చేసుకోండి.

పదిహేనేళ్ల కిందట నేనూ, నాతో స్కూల్లో పనిచేసే నా స్నేహితురాలూ ఇలాగే అప్పటికప్పుడు బయల్దేరాం. పొద్దున నరసాపురంలో దిగాం. పట్టాలు ఆ ఊరితో అయిపోతాయి, అక్కణ్ణుంచి ముందుకు పోవాలంటే వశిష్ఠ గోదావరి దాటాల్సిందే. రేవులో పంటు, అంటే మనుషుల్నీ బండ్లనీ నది దాటించే పెద్ద పడవ, ఎక్కి అవతల సఖినేటిపల్లిలో దిగి, ఆటోలో గుడికి పోయాం. తిరుపతిలో గంటల తరబడి క్యూలో నిలబడే వాళ్లం కదా, ఆ రోజు లక్ష్మీనరసింహస్వామి ముందు అంత తీరిగ్గా నిలబడేసరికి ఇద్దరికీ కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర, గోదావరి సముద్రంలో కలిసే చోట కూర్చున్నాం. "ఇక పోదామా" అని ఆమె రెండుసార్లు అడిగింది. ఇంకాసేపు అని నేనే రెండుసార్లూ ఆపాను.

రేవుకొచ్చేసరికి చీకటి పడింది. ఆఖరి పంటు వెళ్లిపోయి అవతలి ఒడ్డున ఆగి ఉంది. ఎదురుగా నరసాపురం దీపాలు, వాటి నీడలు నీళ్లలో కదులుతూ కనిపిస్తున్నాయి. రాత్రి బండి టికెట్లు నా చేతిసంచిలోనే ఉన్నాయి. ఆమె చెప్పులు విడిచి రేవు మెట్టు మీద కూర్చుంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. టీ కొట్టామె చెబితే రాజోలు వైపు పోయి, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి పాలకొల్లు చేరేసరికి మా బండి ఎప్పుడో వెళ్లిపోయింది. తెల్లారేదాకా బస్టాండు బల్ల మీదే కూర్చున్నాం.

అందుకే చెబుతున్నా. నరసాపురం రేవులో పంటెక్కే ముందే, తిరుగు ఆఖరి పంటు ఎన్నింటికని టికెట్ ఇచ్చేవాళ్లను అడగండి. ఏడాది పొడుగునా ఒకే టైముంటుందని అనుకోవద్దు. వాళ్లు చెప్పిన దానికి గంట ముందే మీరు సఖినేటిపల్లిలో ఉండాలి. ఇంకొకటి, ఇద్దరిలో ఎవరు ముందు "పోదాం" అన్నా రెండోవాడు మారుమాట లేకుండా లేవాలి. ఈ ఒప్పందం బండెక్కక ముందే చేసుకోండి. గట్టు మీద కూర్చున్నాక కుదరదు.

ఇప్పుడు వానలు కాబట్టి గోదావరి సంగతి కూడా చూసుకోండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. టీవీలో ఆ మాట వినిపిస్తే ఈ వారానికి మానుకోండి. వరద పెరిగితే పంటు ఆపేస్తారు. ఆపకపోయినా ఆ ఎర్రనీళ్ల మీద ప్రయాణం వద్దు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు కూడా నదిలో వరద ఉంది. ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నాకు గుండె పట్టేసినట్టుంటుంది.

పంటు మీద బైకులు, ఆటోలు, కార్లు, మనుషులు అందరూ కలిసే ఉంటారు. ఒడ్డు తగలకముందే దూకాలని కుర్రాళ్లు ముందు ఇనుప పలక మీదకు చేరతారు. మీరు వాళ్లతో కలవద్దు. తడి పలక మీద కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. బండ్లు దిగాక నెమ్మదిగా దిగండి. గట్టు దగ్గర స్నానానికి కూడా దిగొద్దు. పైకి నిదానంగా కనిపించినా ఆటుపోట్లకు అడుగున నీరు లాగేస్తుంది.

టికెట్ల గురించి నీకు కొత్తగా చెప్పేదేం లేదు, రెండు విషయాలు తప్ప. తత్కాల్ ఒక రోజు ముందు, ఏసీకి పొద్దున 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు తెరుస్తారు. ఒక రోజు ముందు అన్నది బండి మొదట బయల్దేరే ఊరి తేదీని బట్టి లెక్క, మన ఊరికి వచ్చే తేదీని బట్టి కాదు. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ ఉండాలి, అది ముందు రోజే చూసుకో. రెండోది, అర్ధరాత్రి దాటాక వచ్చే బండి తేదీ. శనివారం 12.20 అంటే శుక్రవారం రాత్రే స్టేషన్లో ఉండాలి. చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే పొరబడతారు. నరసాపురం దాకా దొరక్కపోతే దిగులు పడొద్దు. విజయవాడ దాకా మన ఊరి నుంచి చాలా బండ్లున్నాయి, అక్కణ్ణుంచి భీమవరం మీదుగా పోవచ్చు. తిరుగు టికెట్ మాత్రం ఖాయం కాకుండా ఇల్లు కదలొద్దు.

చిల్లర నోట్లు దగ్గర ఉంచుకో. శుక్రవారం సాయంత్రం ఇటు వస్తే పులిహోర, చెనిక్కాయల పొడి కట్టిస్తాను. నీ స్నేహితుణ్ణి కూడా తీసుకురా. నేను ఇంతవరకు అతణ్ణి చూడనే లేదు. నరసాపురంలో చేత్తో అల్లిన లేసు దొరుకుతుంది. మీ అమ్మకు ఏదైనా చిన్నది కొను, ఆమె కోపం పోతుంది.

వెళ్లేటప్పుడు నాకు ఫోన్ చేయకపోయినా ఫర్వాలేదు. తిరుగు పంటు ఎక్కాక మాత్రం ఒక్క ఫోన్ చెయ్యి నాయనా. అప్పటిదాకా నేను ఫోన్ పక్కనే పెట్టుకుని ఉంటాను.

మీ అత్త