కోలుకోని పేషెంట్‌కు సక్షన్ చేయాలంటే చేతులు రావట్లేదు.. ఏం చేయాలి?

ప్రశ్న: ఆరేళ్లుగా ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఇక కోలుకోరని దాదాపు తెలిసిపోయిన పేషెంట్లకు కూడా వారాల తరబడి వెంటిలేటర్, డయాలసిస్ నడుస్తూనే ఉంటాయి. సక్షన్ (శ్వాసనాళంలోని కఫాన్ని సన్నని గొట్టంతో లాగేయడం) చేసిన ప్రతిసారీ వాళ్ల ముఖం చూడలేకపోతున్నాను. నేనే హింసిస్తున్నట్టు ఉంటోంది. ఇంటికొచ్చినా నిద్ర పట్టదు. ఇది డిప్రెషనా? ఉద్యోగం మానేయమంటారా?

సలహా: మీరు చెప్పిన బాధను మోరల్ డిస్ట్రెస్ అంటారు. ఏది సరైనదో తెలిసీ, నిర్ణయం మన చేతిలో లేక, దానికి విరుద్ధమైన పని మనమే చేయాల్సి వచ్చినప్పుడు కలిగే నైతిక వేదన ఇది. 1984లో ఆండ్రూ జేమ్‌టన్ అనే తత్వవేత్త నర్సుల గురించి రాస్తూ దీనికి ఆ పేరు పెట్టారు. ఐసీయూ డాక్టర్లకు, సర్జన్లకు, ఆపరేషన్ థియేటర్ సిబ్బందికి కూడా ఇది తప్పదు. పేషెంట్ పట్ల మీ బాధ్యత ఇంకా మొద్దుబారలేదు కాబట్టే ఇలా ఉంది.

అలసట అయితే సెలవుతో కొంత తీరుతుంది. ఇది తీరదు, మళ్లీ అదే బెడ్ దగ్గర నిలబడగానే మొదలవుతుంది. ఒక్కో కేసు ముగిశాక వేదన తగ్గుతుందే గానీ అడుగున కొంత మిగిలిపోతుంది, తర్వాతి కేసు దాని మీద వచ్చి పడుతుంది. అలా పేరుకున్నాక కొందరు ఉద్యోగం వదిలేస్తారు. ఇంకొందరు ఆ బెడ్ వైపు, ఆ బంధువుల వైపు వెళ్లడమే తగ్గించేస్తారు. అలా దూరం జరగడం వల్ల పేషెంట్‌కే ఎక్కువ నష్టం.

ముందు మీ చేతిలో ఉన్నదాంతో మొదలుపెట్టండి. సక్షన్‌ను గంటల లెక్కన చేయకూడదు. గురగుర వినిపించినప్పుడు, ట్యూబులో కఫం కనిపించినప్పుడు, ఆక్సిజన్ పడిపోయినప్పుడు చేయాలి. ఒక్కోసారి 15 సెకన్లు దాటకూడదు. మాట్లాడలేని పేషెంట్ నొప్పిని సీపాట్ (CPOT) అనే స్కేల్‌తో కొలవండి. ముఖకవళికలు, శరీర కదలికలు, కండరాల బిగుతు, వెంటిలేటర్‌తో సర్దుకుంటున్న తీరు, ఈ నాలుగింటికీ 0 నుంచి 2 చొప్పున మొత్తం 8. మూడు, ఆపైన వస్తే నొప్పి ఉన్నట్టే లెక్క. ఆ అంకెను కేస్ షీట్‌లో రాసి, సక్షన్‌కు ముందే నొప్పి మందు ఇవ్వవచ్చేమో డాక్టర్‌ను అడగండి. ‘పాపం, బాధపడుతున్నాడు’ అన్న మాట గాల్లో కలిసిపోతుంది, రాసిన అంకెకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. కండరాలను సడలించే మందు నడుస్తుంటే మాత్రం ఈ స్కేల్ పనికిరాదు. కదలట్లేదు కాబట్టి నొప్పి లేదనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు.

రౌండ్స్‌లో ‘ఇదంతా వృథా’ అంటే వాదన అవుతుంది. ఇలా అడగండి: ‘ఈ వైద్యంతో ఏం సాధించాలనుకుంటున్నాం? ఎన్ని రోజుల్లో ఏ మార్పు కనిపిస్తే కొనసాగిస్తాం, లేకపోతే ఏం చేస్తాం?’ దీన్నే గడువు పెట్టిన చికిత్స అనుకోవచ్చు. ఉదాహరణకు ఐదు రోజులు. బీపీని నిలబెట్టే నార్‌అడ్రినలిన్ మందు మోతాదు తగ్గుతోందా, ఆక్సిజన్ అవసరం తగ్గుతోందా, స్పృహ వస్తోందా అన్నవి చూస్తారు. తేదీని కేస్ షీట్‌లో రాసి, బంధువులకు మొదటి రోజే చెప్పాలి. ఈ పద్ధతి ఎక్కువగా దెబ్బతినేది డ్యూటీ డాక్టర్లు మారి ఆ తేదీ ఎవరికీ గుర్తులేకుండా జారిపోయినప్పుడు. గుర్తుచేసే బాధ్యత ఒకరి పేరున ఉండాలి.

అడిగే ముందు అవతలి పక్షం తెలుసుకోండి. ఆపరేషన్ తర్వాతి కేసుల్లో చాలామంది సర్జన్లు, కష్టమైనా చివరిదాకా వెళ్దామని పేషెంట్ తమతో ఒప్పుకున్నట్టే భావిస్తారు. తమ చేతులతో కోసిన మనిషిని వదిలేయడం వాళ్లకూ నరకమే. మీకు మొండితనంగా కనిపించేది అదే వేదన కావచ్చు.

ఇక డిప్రెషన్ మాట. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులు, ఇష్టమైన పనుల మీదా ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి చెడటం ఉంటే సైకియాట్రిస్టును కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే కలవండి, ఒంటరిగా ఉండకండి. వార్డులో మందులు అందుబాటులో ఉన్నాయని నిద్రమాత్రలు సొంతంగా మొదలుపెట్టొద్దు.

ఉద్యోగం సంగతి నైట్ డ్యూటీ దిగిన రోజు తేల్చుకోకండి. నెల రోజులు, షిఫ్ట్ చివర మీ వేదనకు 0 నుంచి 10లో ఒక అంకె వేసి, పక్కన కారణం రాయండి. సిబ్బంది తక్కువైన రోజుల్లోనే అంకె పెరుగుతుంటే ఆ కాగితంతో నర్సింగ్ సూపరింటెండెంట్‌ను కలవండి. ఒకే పేషెంట్ దగ్గర పెరుగుతుంటే వరుసగా అదే బెడ్ పడకుండా మార్చమని అడగండి.