స్విచాఫ్ చేయలేదు, అయినా...

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగం పనిమీద నల్లమల అడవిలోని చెంచు పెంటలకు (గూడేలకు) వెళుతుంటాడు. ఫోను చేస్తే ముందు 'కవరేజ్ ఏరియాలో లేరు' అంటుంది, రాత్రికి 'స్విచాఫ్ చేశారు' అంటుంది. తను ఆఫ్ చేయనే లేదంటాడు. ఎవరిని నమ్మాలి?
- ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అబ్బాయినే నమ్మండి.

ఫోను ఆఫ్ చేసినప్పుడు, తెర ఆరిపోయేలోపే అది 'వెళ్తున్నాను' అని టవర్‌కు చిన్న సందేశం పంపుతుంది. విమానం మోడ్ పెట్టినా అంతే. నెట్‌వర్క్ దాన్ని నమోదు చేసుకుంటుంది. ఆ తర్వాత ఎవరు కాల్ చేసినా వెతకకుండానే 'స్విచాఫ్' అనేస్తుంది.

అడవిలోకి వెళ్లే ఫోనుకు అలా చెప్పి వెళ్లే వీలుండదు. నెట్‌వర్క్ లెక్కలో అది ఇంకా ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి వెతుకులాట మొదలవుతుంది. జేబులో ఊరికే ఉన్న ఫోను ఏ టవర్ కింద ఉందో నెట్‌వర్క్‌కు ప్రతిక్షణం తెలియదు. టవర్లను గుంపులుగా చేసి ఉంచుతారు. గుంపు మారినప్పుడల్లా ఫోనే తన జాడ నమోదు చేయిస్తుంది. కాల్ వస్తే ఆ గుంపులోని టవర్లు ఫోనును పిలుస్తాయి, పెళ్లింట్లో గదిగదికీ వినబడేలా కేకేసినట్టు. దీన్ని పేజింగ్ అంటారు. ఆ కేకలో మీ నంబరు ఉండదు. చాటుగా వినేవారికి అంతుపట్టకుండా సాధారణంగా ఒక తాత్కాలిక సంకేతం వాడతారు. ఫోను పలికితే టవర్ దానికి ఛానల్ కేటాయిస్తుంది, ఆపైనే రింగు. 2జీ రోజుల్లో రింగుకు ముందే పక్కనున్న రేడియో 'టిడిక్ టిడిక్' అనేది గుర్తుందా? అది ఫోను బదులు పలుకుతున్న చప్పుడే. సెకనుకు సుమారు 217 సార్లు విడివిడిగా వెలువడే తరంగాలు స్పీకర్ తీగల్లో దూరేవి.

ఎంత పిలిచినా ఫోను పలకకపోతే 'కవరేజ్ ఏరియాలో లేరు' అని వస్తుంది. ఆ మాట కాస్త ఆలస్యంగా వినిపించేది అందుకే.

మరి రాత్రికి స్విచాఫ్ ఎలా అయింది? కదలకుండా ఒకేచోట ఉన్నా ఫోను నిర్ణీత వ్యవధికోసారి హాజరు వేయించుకోవాలి. గడువు దాటినా జాడ లేకపోతే నెట్‌వర్క్ విసిగి, దాన్ని ఆఫ్ అయిన ఫోన్ల జాబితాలో చేర్చేస్తుంది. ప్రకటనలోని మాటలు, గడువు కంపెనీని బట్టి మారతాయి. అబ్బాయి తిరిగి రోడ్డెక్కి, ఫోనుకు సిగ్నల్ అందగానే అది మళ్లీ పేరు నమోదు చేయించుకుంటుంది. అప్పుడు చేయండి, రింగవుతుంది.