స్టాన్‌విక్ సినిమాలకు వరస కట్టబోతున్న అమ్మాయికి

అమ్మాయీ,

హాలీవుడ్ నటి బార్బరా స్టాన్‌విక్ సినిమాల్లో పది ఏరి, పదో స్థానం నుంచి ఒకటో స్థానం దాకా నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఎనభైకి పైగా సినిమాలు చేసిన మనిషి. అందులోంచి పది పట్టుకోవడమే పెద్ద పని, శ్రద్ధగానే చేశావు. అయితే చివరిదాకా చదివాక నాకు బోధపడిందేమిటంటే బిల్లీ వైల్డర్ మంచి దర్శకుడనీ, ప్రెస్టన్ స్టర్జెస్ సంభాషణలు బ్రహ్మాండంగా రాస్తాడనీ, కింగ్ విడార్‌కి ఏడిపించడం తెలుసుననీ. స్టాన్‌విక్ గురించి తెలిసింది తక్కువ. శీర్షికలో ఆమె పేరు పెట్టి, లోపల సినిమాలకు మార్కులు వేశావు.

ఇది చిన్న తేడా కాదు. నటి పేరు మీద వరస కడుతున్నప్పుడు, ఆ సినిమాలోంచి ఆమెను తీసేసి ఇంకొకరిని పెడితే ఎంత పోతుందన్నదే కొలత. ఈ కొలతతో చూస్తే నీ జాబితా సగం తలకిందులవుతుంది. ఒకటో స్థానంలో ‘డబుల్ ఇండెమ్నిటీ’ని పెట్టావు. అందరూ పెడతారు. 1944 సినిమా, జేమ్స్ ఎమ్ కెయిన్ కథ, వైల్డర్‌తో కలిసి రేమండ్ చాండ్లర్ రాసిన స్క్రీన్‌ప్లే, జాన్ సైట్జ్ కెమెరా. ఇంతమంది మహానుభావుల మధ్య ఆమె వాటా ఎంతో చెప్పకుండా, ‘విషకన్యగా జీవించింది’ అని ఒక్క ముక్కతో తేల్చేశావు. ఆ ముక్క ఏ నటికైనా, ఏ సినిమాకైనా అతుకుతుంది. అలా అతికేదాన్ని చూడగానే కొట్టెయ్.

బదులుగా కారు సీన్ రాయి. ఫిలిస్, అంటే స్టాన్‌విక్, కారు నడుపుతోంది, పక్కన ఆమె చంపించబోతున్న భర్త, వెనక సీట్లో నక్కి కూచున్న ప్రియుడు నెఫ్. అనుకున్న చోట ఆమె హారన్ మోగిస్తుంది, అదే గుర్తు. నెఫ్ లేచి భర్తను చంపేస్తాడు. వైల్డర్ ఆ హత్యను చూపించడు. కెమెరా ఆమె మొహం మీదే ఉంటుంది. ఆమె పక్కకు తిరగదు, ఉలిక్కిపడదు, కళ్లు రోడ్డు మీదనుంచి కదలవు. ఏదో తృప్తి లాంటిది పైకి తేలీ తేలనట్టు ఉంటుంది, అంతే. ఆ కొన్ని క్షణాల్లో హత్యంతా ఆమె మొహంలోనే జరిగింది. అక్కడ ఇంకో నటి కళ్లు పెద్దవి చేసి ఉంటే సీన్ చచ్చిపోయేది. ఇది రాస్తే చాలు, ‘జీవించింది’ అనక్కర్లేదు. ఆ నకిలీ బంగారు రంగు విగ్గు గురించి నువ్వు వేసిన జోకు కూడా తీసెయ్, ఎనభై ఏళ్లుగా అందరూ వేస్తున్నదే. ఈ పాత్ర ఒప్పుకోవడానికి ఆమె భయపడితే, నువ్వు నటివా ఎలుకవా అని వైల్డర్ అడిగాడని ఆమే తర్వాత చెప్పింది. కావాలంటే అది ఉంచుకో. కారు సీన్‌లో కనిపించే నిబ్బరం పక్కన ఆ భయానికి అర్థం ఉంది.

నా లెక్కలో ఇది మూడోది. ఒకటో స్థానం స్టర్జెస్ తీసిన ‘ది లేడీ ఈవ్’ది. నువ్వు దాన్ని ఆరో స్థానంలో పెట్టి, ‘సరదాగా సాగిపోయే కామెడీ’ అన్నావు. కోపం వచ్చింది, దాచుకోను.

మళ్లీ చూడు. ఓడలో భోజనాల హాలు. బీరు కంపెనీ వారసుడు చార్లెస్, అంటే హెన్రీ ఫోండా, పాముల మీద పుస్తకం చదువుకుంటూ ఒంటరిగా కూచున్నాడు. హాల్లో ఉన్న ఆడవాళ్లంతా అతని కంట్లో పడాలని తంటాలు పడుతున్నారు. స్టాన్‌విక్ పాత్ర జీన్, పేకాటలో మోసం చేసి బతికే పిల్ల, అతనికి వీపు పెట్టి కూచుని పౌడర్ డబ్బా అద్దంలోంచి ఇదంతా చూస్తుంటుంది. చూస్తూ తండ్రికి వ్యాఖ్యానం వినిపిస్తుంది. ఫలానా ఆవిడ ఇప్పుడు రుమాలు పడేస్తుంది, అతను చూడడు, పాపం. ఆ ఆడవాళ్ల మాటలూ తనే అంటుంది, అతని మాటలూ తనే అంటుంది. తెర మీద మనకు కనిపించేది ఎక్కువసేపు ఆ అద్దంలో బొమ్మే. అంటే సీన్ సగం ఆమె గొంతు మీదే నడుస్తోంది. క్రికెట్ కామెంటరీ చెప్పేవాడికి ఉండే ఉత్సాహం, దాని కింద పన్నాగం, ఆ రెంటి కింద అతని మీద అప్పుడే మొదలైన ఇష్టం, మూడూ ఒకే గొంతులో. చివరికి అతను లేచి వెళ్లబోతుంటే మెల్లగా కాలు అడ్డం పెడుతుంది. అతను బోర్లా పడతాడు. లేచేలోపు తన చెప్పు మడమ విరగ్గొట్టాడని అతనిమీదే విరుచుకుపడుతుంది.

ఆ తర్వాత ఆమె గదిలో, కట్ లేకుండా మూడు నిమిషాలకు పైగా సాగే షాట్ ఒకటుంది. అతను నేల మీద, ఆమె అతని తల దగ్గర, వేళ్లు అతని జుట్టులో. మాట్లాడేదంతా తనకు ఎలాంటి మొగుడు కావాలన్న కబుర్లు. ఫోండా మొహంలో ఊపిరాడనితనం, ఆమె మొహంలో పని మీదున్న మనిషి నిదానం. ఆ నిదానం ఎక్కడ జారి నిజం అవుతుందో పట్టుకోవడానికి ప్రయత్నించు. నువ్వు పట్టుకున్న చోటు నాకు దొరికినదానికి వేరే కావచ్చు. అదే రాయి.

రెండో సగంలో ఆమె ఇంగ్లిష్ జమీందారీ మహిళగా వస్తుంది. విగ్గు లేదు, మీసం లేదు, మొహంలో మార్పేమీ లేదు. ఉచ్చారణ మారింది, తల ఎత్తే తీరు మారింది. ఇంత అచ్చంగా అదే మొహం ఉందంటే ఆమె కచ్చితంగా వేరే మనిషే అయి ఉండాలని చార్లెస్ వాదిస్తాడు. తెలుగువాళ్లకు ఈ విద్య కొత్త కాదు, ‘మాయాబజార్’లో శశిరేఖ ఒంట్లో ఘటోత్కచుణ్ణి నడిపించిన సావిత్రిని చూసి పెరిగాం. అక్కడ నవ్వు, ఆడపిల్ల మొహం మీద ఎస్వీ రంగారావు చూపు కనిపించినప్పుడు వస్తుంది. ఇక్కడ ఆ దొరసాని వెనక పేకాట పిల్ల ఎప్పుడు తొంగి చూస్తుందా అని కాచుకుని కూచుంటాం, ఆమె తొంగి చూడనివ్వదు. ఈ పోలిక నీ వ్యాసంలో వాడుకో, నాకేం అభ్యంతరం లేదు.

ఆస్కార్లను సాక్ష్యానికి పిలవకు. నాలుగుసార్లు నామినేట్ అయింది: ‘స్టెల్లా డల్లాస్’, ‘బాల్ ఆఫ్ ఫైర్’, ‘డబుల్ ఇండెమ్నిటీ’, ‘సారీ, రాంగ్ నంబర్’. ఒక్కటీ రాలేదు. 1982లో గౌరవ ఆస్కార్ ఇచ్చి చేతులు దులుపుకున్నారు. 1941లో ‘ది లేడీ ఈవ్’, ‘బాల్ ఆఫ్ ఫైర్’ రెండూ విడుదలైతే, నామినేషన్ వచ్చింది రెండోదానికి. ‘సారీ, రాంగ్ నంబర్’లో ఆమె సినిమాలో చాలాభాగం మంచం మీద, చేతిలో ఫోనుతో వణుకుతూ ఉంటుంది. కష్టం కళ్లకు కనిపిస్తుంది. కమిటీలకు కనిపించే కష్టం ఇష్టం. నువ్వు దాన్ని నాలుగులో పెట్టడానికి ఆ నామినేషన్ తప్ప ఇంకో కారణం వ్యాసంలో నాకు దొరకలేదు.

విడార్ తీసిన ‘స్టెల్లా డల్లాస్’ రెండో స్థానంలో ఉంచావు, బాగుంది, నేనూ అక్కడే ఉంచుతాను. కానీ అందరిలాగే చివరి సీన్ గురించే రాశావు: వాన, కిటికీ, లోపల కూతురి పెళ్లి, బయట జనంలో నిలబడి చూసే తల్లి. మంచి సీనే. నేనైతే రైలు సీన్ తీసుకుంటాను. హోటల్లో తల్లి నలుగురి కళ్లూ కొట్టే అలంకారంతో తిరిగింది, కూతురు లారెల్ సిగ్గుతో కుంగిపోయి కారణం చెప్పకుండా వెంటనే బయల్దేరదీసింది. రాత్రి రైల్లో ఇద్దరూ చెరో బెర్తులో పడుకున్నారు. పక్కన కొందరమ్మాయిలు ఆ తల్లి గురించి ఎగతాళిగా చెప్పుకోవడం ఇద్దరి చెవుల్లోనూ పడింది. తల్లికి అప్పుడే తెలిసింది, తన కూతురికి తనే అడ్డమని. తల్లి విన్నదేమోనని లారెల్ ఆమె బెర్తులోకి వస్తుంది. స్టాన్‌విక్ కళ్లు మూసుకుని నిద్ర నటిస్తుంది. గమనించు: నిద్ర నటిస్తున్న మనిషిని నటించాలి, కూతురు నమ్మాలి, మనం మాత్రం నమ్మకూడదు, వాడుకోవడానికి కళ్లు కూడా లేవు. దీనిమీద ఒక పేరా రాయి, చివరి సీన్‌కి ఒక వాక్యం చాలు.

నీ మొదటి పేరా గురించి. అసలు పేరు రూబీ స్టీవెన్స్, 1907లో బ్రూక్లిన్‌లో పుట్టింది, నాలుగేళ్ల వయసులో తల్లి వీధి ట్రామ్ ప్రమాదంలో పోయింది, తండ్రి పనామా కాలువ పనికని వెళ్లిపోయాడు. అన్నీ నిజాలే. కానీ అక్కడ పెట్టడంవల్ల, తర్వాత వచ్చే ప్రతి కన్నీటి సీన్‌కీ అదే కారణమన్నట్టు అయింది. అనాథలందరూ స్టాన్‌విక్‌లు కాలేదు కదా. దానికంటే పనికొచ్చే సంగతి ఒకటి చెప్తాను. 1930లో ‘లేడీస్ ఆఫ్ లీజర్’ తీస్తూ ఫ్రాంక్ కాప్రా కనిపెట్టాడు: ఈమె మొదటిసారే ఉన్నదంతా ఇచ్చేస్తుంది, మళ్లీ మళ్లీ చేయిస్తే పస తగ్గుతుంది. అందుకని ఆమె లేకుండా తక్కినవాళ్లతో రిహార్సల్ చేయించి, ఒకటికి మించి కెమెరాలు సిద్ధం చేసుకుని, అప్పుడు ఆమెను పిలిచేవాడు. ఈ సంగతి తెలిసి చూస్తే ఆమె తొలి సినిమాల్లో కోపం ఎందుకంత పచ్చిగా ఉంటుందో అర్థమవుతుంది. సమాచారం సీన్ పక్కన పడాలి, పీఠికలో కాదు.

‘బేబీ ఫేస్’ విషయంలో ఒక జాగ్రత్త. ఏ ప్రతి చూశావు? 1933లో న్యూయార్క్ సెన్సార్ ఒప్పుకోకపోవడంతో వార్నర్ బ్రదర్స్ కోతలు పెట్టి, కొన్ని మాటలు మార్చి విడుదల చేసింది. కోత పడని ప్రతి 2004లో గానీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బయటపడలేదు. అసలు ప్రతిలో జర్మన్ తత్వవేత్త నీషేని చదివే ముసలి చెప్పులాయన, మగవాళ్లను వాడుకుని పైకి రమ్మని లిలీకి, అంటే స్టాన్‌విక్ పాత్రకి, బోధిస్తాడు. విడుదలైన ప్రతిలో అదే ముసలాయన నోట మంచి దారి, చెడ్డ దారి అని నీతులు పెట్టారు. అవి వింటున్న ఆమె మొహం ఏ మాటలకు స్పందిస్తోందో, నువ్వు చూసిన ప్రతిని బట్టి మారిపోతుంది. నువ్వు ‘ఆమె హావభావాలు అయోమయంగా ఉన్నాయి’ అని రాశావు కాబట్టి అనుమానం వచ్చింది.

‘ది బిట్టర్ టీ ఆఫ్ జనరల్ యెన్’ను ఇబ్బందికరమని వదిలేశావు. చైనా జనరల్‌గా మేకప్ వేసుకున్నది నిల్స్ ఆస్టర్ అనే స్వీడన్ నటుడు. అది మాత్రం ఇబ్బందే, ఆ మాట సూటిగా రాయి. ఆ తర్వాత ఆమె పని గురించి కూడా రాయి. వదిలేస్తే రెండూ చెప్పనట్టే.

ఇక జాబితా మధ్య భాగం. మొదటి మూడు స్థానాల్లో ఎవరి జాబితా అయినా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, రాసినవాడి రుచి తెలిసేది అయిదు నుంచి తొమ్మిది మధ్యలోనే. అక్కడ నువ్వు పేరున్నవి పేర్చుకుంటూ పోయావు. ‘మీట్ జాన్ డో’ తీసేసి ‘దేర్స్ ఆల్వేస్ టుమారో’కు చోటివ్వు. 1956, డగ్లస్ సర్క్. ఫ్రెడ్ మెక్‌మరే బొమ్మల కంపెనీ యజమాని, ఇంట్లో అతన్ని పట్టించుకునే దిక్కు లేదు. ఎన్నో ఏళ్లకు పాత స్నేహితురాలు, అంటే స్టాన్‌విక్, వస్తుంది. అతని పిల్లలు ఆమెను నిలదీయడానికి వచ్చినప్పుడు, తిరిగి ఆమే వాళ్లను మందలిస్తుంది, మీ నాన్నను ఎప్పుడైనా మనిషిగా చూశారా అన్న ధోరణిలో. తప్పంతా తన మీద వేసుకోవాల్సిన స్థితిలో ఉండి ఆ మాట అనడం మామూలు విషయం కాదు. మెక్‌మరే, స్టాన్‌విక్ కలిసి నాలుగు సినిమాలు చేశారు. 1940 ‘రిమెంబర్ ద నైట్’, తర్వాత ‘డబుల్ ఇండెమ్నిటీ’, తర్వాత ఇది, ఈ మూడూ వరసగా చూడు. అదే మగవాడి ఎదురుగా ఒకసారి దొంగపిల్ల, ఒకసారి హంతకి, ఒకసారి ఆశ వదులుకుని వెళ్లిపోయే నడివయసు మనిషి. నాలుగోది ‘ది మూన్‌లైటర్’, చూడకపోయినా ప్రాణం పోదు.

‘ఫార్టీ గన్స్’లో గుర్రం ఈడ్చుకెళ్లే స్టంట్‌ను, యాభైకి దగ్గరపడ్డ వయసులో, డూప్ లేకుండా చేసిందని నువ్వు చివర్లో ‘ఆసక్తికరమైన విషయాలు’ అనే పెట్టె కట్టి పెట్టావు. పెట్టె తీసేసి, ఆ సంగతిని ఆ సినిమా పేరాలోకి తీసుకురా. అక్కడ ఆమె పశువుల సామ్రాజ్యానికి యజమాని, వెనక నలభైమంది గుర్రాల మీద వస్తుంటే ముందు తెల్లగుర్రం మీద వచ్చే మనిషి. ఆ మనిషి దుమ్ములో ఈడ్చబడుతున్నప్పుడు మొహం కనబడుతోంది, అది ఆమె మొహమే. సినిమాకి దానివల్ల ఒరిగిందేమిటో రెండు వాక్యాల్లో చెప్పగలిగితే దీన్ని ఏడో స్థానంలోకి తేవచ్చు. నేనైతే ఎనిమిదిలో పెడతాను. నాతో ఏకీభవించనక్కర్లేదు, కానీ ఎందుకు కాదో రాయి.

‘అద్భుతం’ పదకొండుసార్లు వచ్చింది, ఒక్కటి ఉంచుకో, ఎక్కడన్నది నీ ఇష్టం. శీర్షికలో ‘ఆల్‌టైమ్ బెస్ట్’ తీసెయ్. తిరగరాశాక వ్యాసం పత్రికవాళ్లు అడిగిన నిడివి దాటుతుంది. దాటనీ, ఎడిటర్‌తో నేను మాట్లాడతాను. వచ్చే ఆదివారంలోగా పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు